ఎర పురుగులు: ఎక్కడ దొరుకుతాయి, ఎలా బతికించుకోవాలి

అందరికీ నమస్కారం అండీ. వెనక వరసకి వినపడుతోందా? సరే. ఎర గురించి మాట్లాడమన్నారు నన్ను. ఎర అంటే పిండి ముద్ద దగ్గర్నుంచి రబ్బరు చేప దాకా బోలెడంత ఉంది, అదంతా మొదలుపెడితే ఇవాళ తెమలదు, అందుకని ఒక్కదాన్నే పట్టుకుంటా, బతికున్న పురుగులు. వానపాముల జోలికి పోను, అవి తవ్వుకోవడం మీలో ఎవరికీ నేను నేర్పక్కర్లేదు. తెల్లగా మెత్తగా లావుగా ఉంటాయి చూడండి పెంటకుప్పలో, చివికిన దుంగలో, అవి, తర్వాత ఈగ పురుగులు, మీల్‌వార్మ్‌లు (నిల్వ పిండిలో, తవుడులో పుట్టే పెంకు పురుగు పిల్లలు), మైనపు పురుగులు, ఈ బ్యాచ్ అంతా. చెరువు, కాలవ, ఏరు ఏదైనా సరే, మంచినీటి చేపకి పనికొచ్చేవి.

ఇవన్నీ పిల్ల పురుగులే. పెద్దయితే ఒకటి పెంకు పురుగు అవుతుంది, ఒకటి ఈగ అవుతుంది, ఒకటి చిమ్మట అవుతుంది. పిల్లగా ఉన్నన్నాళ్ళూ దానికున్న పని తినడం, ఒళ్ళంతా కొవ్వు పట్టించుకోవడం, ఎందుకంటే తర్వాత ప్యూపాగా మారి కదలకుండా తిండి లేకుండా ఉండాలి, ఆ కొవ్వు మీదే రెక్కలు కాళ్ళు అన్నీ తయారవ్వాలి. ఆ కొవ్వు కోసమే చేప దాన్ని వదలదు. ఇందులోనే మనకో చిక్కు కూడా ఉంది, అది పిల్లగా ఎప్పటికీ ఉండిపోదు. మీరు డబ్బాలో పెట్టి మూత వేశారు కదా అని ఆగదు, వెచ్చగా ఉంటే గబగబా పెద్దదైపోతుంది. కాబట్టి పురుగు దాచడం అంటే దాని వయసుని నిదానం చెయ్యడం అన్నమాట, ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు దొరికే చోటు. చాలామంది పార పట్టుకుని ఎక్కడ పడితే అక్కడ తవ్వేస్తారు, నడుం పడిపోతుంది గానీ పురుగు దొరకదు. పురుగుని వెతక్కండి, దాని తిండిని వెతకండి. వేరు తినేది గడ్డి కింద ఉంటుంది, కుళ్ళిన ఆకు తినేది కంపోస్టులో ఉంటుంది, కట్టె తినేది దుంగలో ఉంటుంది. తిండి ఎక్కడుందో తెలిస్తే తవ్వేది తక్కువ.

గడ్డి కింద ఉండేదాన్ని వేరుపురుగు అంటారు. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు తల, తల వెనకే మూడు జతల కాళ్ళు, ముట్టుకుంటే ఒళ్ళు వంకర తిప్పుకుని అర్ధచంద్రాకారంలో పడుకుంటుంది, వెనక భాగం నల్లగా కనపడుతుంది, అది తిన్న మట్టి చర్మంలోంచి కనపడ్డం, జబ్బు కాదు. గడ్డి అక్కడక్కడ పచ్చదనం పోయి ఎండినట్టు ఉండి, చేత్తో పట్టి లాగితే వేర్లు లేకుండా చాపలా లేచొచ్చిందంటే కింద వాళ్ళే ఉన్నారు. పక్షులు ఒకే చోట పదే పదే పొడుస్తున్నా అంతే. తేమ, వెచ్చదనం ఉన్నప్పుడు వేర్ల దగ్గరే ఉంటాయి, జానెడు లోతులోపే. నేల ఎండినా, చలి ముదిరినా కిందికి దిగిపోతాయి, అప్పుడు తవ్వినా దండగ, వాన పడి నేల నానే దాకా ఆగడమే మంచిది.

కంపోస్టు, పెంటకుప్ప విషయానికొస్తే, కుప్ప మధ్యలో చెయ్యి పెట్టొద్దు, బాగా పని చేస్తున్న కుప్ప నడిమధ్యన 55, 60 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి కూడా ఉంటుంది, అక్కడ ఏ పురుగూ బతకదు. అంచుల్లో, అడుగున, పాతబడి నల్లగా మట్టి అయిపోయిన వైపు చూడండి. కొమ్ము పురుగు పిల్లలు దొరుకుతాయి అక్కడ, బొటనవేలంత లావు ఉంటాయి కొన్ని. చిన్న చేపకి అది నోట్లో పట్టదు, పెద్ద జెల్లలకి, వాలుగలకి వాడుకోండి.

దుంగల దగ్గర కాస్త ఓపిక కావాలి. చచ్చి ఎన్నాళ్ళో కాని చెట్టు అయితే బెరడుకీ కట్టెకీ మధ్యలో ఉంటాయి, బల్లపరుపుగా, కాళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టు. బెరడు కింద తాజాగా పొట్టు రాలుతూ ఉంటే లోపల తింటున్నారని లెక్క, ఆ పొట్టు పాతబడి బూజు పట్టి ఉంటే వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. వేలితో నొక్కితే పొడి అయిపోయేంత చివికిన దుంగ అయితే బెరడు కింద కాదు, కట్టె లోపల, నేలకి ఆనిన వైపు. దుంగ తిప్పేటప్పుడు అవతల వైపు పట్టుకుని మీ వైపుకి దొర్లించుకోండి, అప్పుడు తెరుచుకునే సందు అటు వైపు ఉంటుంది, కింద పామో తేలో జెర్రో ఉంటే దుంగ మీకూ దానికీ మధ్యలో ఉంటుంది. తిప్పిన దుంగని మళ్ళీ ఎలా ఉందో అలాగే పెట్టి రండి. ఇది మర్యాద కోసం చెప్పట్లేదు, కట్టె తినే పిల్లలు కొన్ని చాలా నిదానంగా పెరుగుతాయి, యూరప్‌లో స్టాగ్ బీటిల్ అనే పెంకు పురుగు పిల్ల చివికిన కట్టెలో మూడు నుంచి ఏడేళ్ళ దాకా ఉంటుంది, దానికి అక్కడ చట్టం రక్షణ కూడా ఉంది. ఒక దుంగని పూర్తిగా చీల్చేస్తే మీకు మధ్యాహ్నానికి సరిపడా ఎర దొరకొచ్చు, తర్వాత కొన్నేళ్ళు ఆ చోట ఏమీ దొరకదు.

ఒంటి నిండా వెంట్రుకలున్న దేన్నీ చేత్తో ముట్టుకోకండి. ఏంటో తెలియని గొంగళిని గాలానికి గుచ్చాలని సరదా పడొద్దు.

తమాషాగా ఒకటి చెప్తా. ఉత్తర అమెరికాలో గోల్డెన్‌రాడ్ అని పసుపు పూల మొక్క ఉంది, దాని కాండం మీద గుండ్రంగా బుడిపె వస్తుంది, ఆ బుడిపె లోపల చలికాలమంతా ఒక ఈగ పిల్ల ఉంటుంది, ఒక్కటంటే ఒక్కటి. మంచు గడ్డకట్టిన సరస్సుకి చిల్లు పెట్టి గాలం వేసేవాళ్ళు ఆ బుడిపెలు కోసుకుని జేబులో వేసుకెళ్తారు, అక్కడ కత్తితో చీల్చి పురుగు తీస్తారు. ఆ పిల్ల ఒంట్లో గ్లిసరాల్ తయారు చేసుకుంటుంది, దాంతో ఒళ్ళు గడ్డకట్టినా చావదు. బుడిపెకి పక్షి పొడిచిన పెద్ద కంత ఉంటే వదిలెయ్యడమే, లోపలున్నది వాడు తినేశాడు. నాకు దీంట్లో నచ్చేదేంటంటే మీరు దాచక్కర్లేదు, ఆ బుడిపే దాని డబ్బా. అయితే ఆ బుడిపెని వెచ్చటి ఇంట్లో పెట్టుకుంటే మాత్రం ఎండాకాలం వచ్చిందనుకుని ఈగ అయి బయటికొచ్చేస్తుంది, చలిలోనే ఉంచాలి.

ఇక ఈగ పురుగులు, మ్యాగట్లు అంటాం కదా. ప్రపంచంలో మంచినీటి గాలం వేసేవాళ్ళలో ఎక్కువమంది వాడే పురుగు ఇదేనేమో అనిపిస్తుంది నాకు. ఇవి మాంసం మీద వాలే నీలి ఈగ, పచ్చ ఈగల పిల్లలు. గుడ్డు ఒక రోజులో పగులుతుంది, వెచ్చగా ఉంటే వారం లోపే తినడం అయిపోయి, తిండిని వదిలేసి పొడి చోటు వెతుక్కుంటూ పాక్కుంటూ పోతాయి. పెంచేవాళ్ళు ఆ టైమ్‌లోనే పడతారు వాటిని. ఇంట్లో పెంచొచ్చా అని అడుగుతారు, పెంచొచ్చు, పక్కింటివాళ్ళు మీతో మాట్లాడకపోయినా ఫర్వాలేదనుకుంటే. (నవ్వులు) కంపు ఒక్కటే కాదు, కుళ్ళిన మాంసంతో వచ్చే జబ్బులున్నాయి, నేనైతే కొనుక్కోమనే చెప్తా. కొనేటప్పుడు చర్మంలోంచి ముందు వైపు ఒక నల్ల మచ్చ కనపడుతుందేమో చూడండి, అది పొట్టలో ఇంకా మిగిలున్న తిండి. మచ్చ ఉంటే తాజావి. లేకపోతే తిండి మానేసి చాన్నాళ్ళయింది, రేపో ఎల్లుండో ప్యూపా అయిపోతాయి.

ఇంట్లోనే పెంచాలి అని పట్టుదల ఉంటే బ్లాక్ సోల్జర్ ఫ్లై అని ఒక రకం ఈగ ఉంది, దాని పిల్లలు మేలు. కూరగాయ తొక్కల మీదే పెరుగుతాయి. పెరగడం అయిపోయాక రంగు ముదిరి వాటంతటవే పైకి ఎక్కి బయటికి పోవాలని చూస్తాయి, డబ్బాలో ఒక వాలు పలక పెట్టి దాని చివర చిన్న బకెట్ పెడితే నడుచుకుంటూ వచ్చి అందులో పడతాయి. చర్మం గట్టిది, గాలానికి బాగా నిలబడుతుంది, కానీ మ్యాగట్ అంత మెలికలు తిరగవు, అదొక్కటే లోటు.

ఇప్పుడు దాచడం. నా ఉద్దేశంలో డబ్బాలో పురుగులు ఆకలితో చావవు, తడితో చస్తాయి. అందరూ చేసే పనేంటంటే, పాపం ఏమైనా తింటాయేమో అని ఇంత తిండి వేస్తారు, ఎండిపోతాయేమో అని ఇన్ని నీళ్ళు చల్లుతారు, పారిపోతాయేమో అని మూత బిగిస్తారు. మూడూ తప్పే. తిండి కుళ్ళుతుంది, నీళ్ళకి ఒళ్ళు నానుతుంది, మూతకి గాలి ఆడదు.

మ్యాగట్లనే తీసుకోండి. ఒక చోట గుంపుగా ఉంటే వాటి కదలికకే వేడి పుడుతుంది, పెద్ద గుంపు మధ్యలో వేడి బయటి గాలి కంటే పదీ ఇరవై డిగ్రీలు కూడా ఎక్కువ ఉంటుంది. వేడికి చెమ్మ వస్తుంది, వాటి మలంలోంచి అమ్మోనియా వస్తుంది, మూత తీస్తే కళ్ళు మండేది అందుకే. ఇంకోటి, పొడిగా ఉన్న మ్యాగట్ నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేదు, ఒళ్ళు తడిసిందో, ఆ తడితో అతుక్కుని శుభ్రంగా ఎక్కేసి మూత సందులోంచి ఇల్లంతా తిరుగుతుంది. కాబట్టి ఇంటికి తేగానే జల్లెడ పట్టండి, పాత పొట్టు, చచ్చినవి, తోళ్ళు అన్నీ పోతాయి. పొడి రంపపు పొట్టు గానీ మొక్కజొన్న పిండి గానీ వేసి, లోతు తక్కువ వెడల్పు ఎక్కువ ఉన్న డబ్బాలో పల్చగా పరవండి, డబ్బాలో సగం కూడా నిండకూడదు, మూతకి గుండుసూది చిల్లులు బోలెడు పెట్టండి. ఫ్రిజ్‌లో 1 నుంచి 4 డిగ్రీల మధ్య. చల్లబడ్డాక కదలవు, చచ్చాయనుకుని పారేస్తారు కొంతమంది, అరచేతిలో కాసేపు పెట్టుకుంటే మళ్ళీ కదుల్తాయి. రెండు మూడు రోజులకోసారి బయటికి తీసి జల్లెడ పట్టి పొట్టు మార్చారంటే రెండు వారాలు హాయిగా వస్తాయి. సాగిపోయి, రంగు మారి మెత్తబడినవి చచ్చినవి, అవి తీసెయ్యాలి, లేకపోతే పక్కవి కూడా పోతాయి.

ఫ్రిజ్ అనగానే అన్నీ దాంట్లో పెట్టేయకండి. ఇక్కడే ఎక్కువ ఎర పోతుంది. మైనపు పురుగు తేనెపట్టులో మైనం తినే చిమ్మట పిల్ల, తేనెటీగల వెచ్చదనంలో పుట్టి పెరిగిన ప్రాణం, దానికి మామూలు ఫ్రిజ్ చలి పడదు, కొన్నాళ్ళలో నల్లబడి చస్తుంది. 13 నుంచి 16 డిగ్రీలు చాలు దానికి, అంటే ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల, లేదా కూలర్ బాక్స్‌లో ఒక చల్లటి సీసాకి గుడ్డ చుట్టి పెట్టడం. రంపపు పొట్టులో వేస్తే చాలు, తిండి పెట్టక్కర్లేదు, కొవ్వు మీద వారాలు గడిపేస్తాయి. వెచ్చబడితే పట్టు దారం అల్లుకోవడం మొదలుపెడతాయి, అది మీకు వార్నింగ్. పల్చటి ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకండి, కొరుక్కుని బయటికొచ్చేస్తాయి. ఇవి పాలిథిన్‌ని కొరకడమే కాదు, దాన్ని రసాయనికంగా కూడా విడగొడతాయని 2017లో సైంటిస్టులు ప్రకటించారు, పెద్ద వార్త అయింది అప్పట్లో. ఎర డబ్బాలు వాడేవాళ్ళకి సగం సంగతి ముందే తెలుసు. (నవ్వులు) ఇంకా, తేనెపెట్టెలు ఉన్న చోటికి వీటిని తీసుకెళ్ళొద్దు, తేనె పెంచేవాళ్ళకి ఇది పెద్ద శత్రువు.

మీల్‌వార్మ్ అన్నిటికంటే సులువు. గోధుమ తవుడులో వేసి ఫ్రిజ్‌లో 7 నుంచి 10 డిగ్రీల దగ్గర పెట్టండి, అంటే ఫ్రిజ్‌లో తక్కువ చల్లగా ఉండే అర, తలుపు వైపు. వారం పది రోజులకోసారి బయట పెట్టి ఒక క్యారెట్ ముక్కో బంగాళాదుంప ముక్కో వేస్తే దాంట్లోంచే నీళ్ళు తాగుతాయి, ఒక రోజు అయ్యాక ముక్క తీసేసి మళ్ళీ లోపల పెట్టండి. ముక్క మర్చిపోతే తవుడు బూజు పడుతుంది. వీటికంటే పెద్దగా సూపర్‌వార్మ్ అని ఇంకోటి ఉంది, చూడ్డానికి అన్నదమ్ములే గానీ దాన్ని ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతుంది, గది వేడిలోనే ఉంచాలి. మరి గది వేడిలో ప్యూపా అయిపోదా అంటే, అవ్వదు, అది గుంపులో ఉన్నంతకాలం ప్యూపా అవ్వదు, ఒంటరిగా విడదీస్తేనే అవుతుంది. పెంచేవాళ్ళు ఒక్కో పురుగుని ఒక్కో చిన్న డబ్బీలో విడిగా పెడతారు అందుకే. మనకి ఎర కావాలి కాబట్టి కలిపే ఉంచుదాం.

తవ్వి తెచ్చుకున్న వేరుపురుగు, కంపోస్టు పురుగు సంగతి. వాటిని కడక్కండి. ఎక్కడ దొరికాయో అక్కడి మట్టి, అక్కడి కుళ్ళిన ఆకే ఒక బకెట్ తెచ్చుకోండి, అందులోనే ఉంచండి. తేమ ఎంత ఉండాలంటే, గుప్పిట్లో పట్టి పిండితే ముద్ద కట్టాలి గానీ నీటి బొట్టు రాకూడదు. ఇవి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, కొరికిన చోట నల్లబడి చస్తాయి, కాబట్టి ఇరికించకుండా ఎడంగా. చీకట్లో చల్లగా, 10, 15 డిగ్రీలైతే బాగుంటుంది. దేనికైనా పచ్చటి బూజు పట్టిందనుకోండి, ఆ పురుగునీ చుట్టూ ఉన్న మట్టినీ తీసి పారెయ్యండి, అది పురుగుల్ని చంపే శిలీంధ్రం, మెటారైజియం అంటారు. తర్వాత 1908లో నోబెల్ తీసుకున్న మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త 1879లో దీన్ని గోధుమ పంట తినే పెంకు పురుగు మీదే చూశాడు, ఇప్పుడు పంటల మీద పురుగుమందుగా వాడుతున్నారు. రైతుకి స్నేహితుడు, మీ ఎర డబ్బాకి కాదు.

గట్టుకి వెళ్ళేటప్పుడు మొత్తం సరుకు మోసుకెళ్ళకండి, ఆ పూటకి కావాల్సినవి చిన్న డబ్బాలో. ఎండలో ఆపిన కారులో పెడితే గంటలో అయిపోతుంది కథ. ఐస్ మీద నేరుగా పెట్టినా డబ్బా లోపల చెమ్మ దిగుతుంది, మధ్యలో గుడ్డ వెయ్యండి. గాలం సన్న తీగది, పదునుగా ఉండాలి, మొద్దు గాలం పురుగుని చిదిమేస్తుంది, లోపలి రసం కారిపోయి తోలు మిగులుతుంది. మ్యాగట్‌కి మొండి వైపు, అంటే వెనక వైపు, చర్మం అంచుని మాత్రం గుచ్చండి. అక్కడ కళ్ళు అనుకునే రెండు చుక్కలు కళ్ళు కావు, ఊపిరి తీసుకునే రంధ్రాలు. వాటి పక్కన పల్చగా గుచ్చితే చాలాసేపు మెలికలు తిరుగుతూనే ఉంటుంది.

మ్యాగట్లకి రంగు వెయ్యడం గురించి ఎవరో చీటీ పంపారు. పూర్వం బ్రిటన్‌లో క్రైసోయిడిన్ అనే రంగు వేసేవాళ్ళు మ్యాగట్లకి, చేతులకి అంటేది, 1980లలో దానికీ మూత్రాశయ క్యాన్సర్‌కీ సంబంధం ఉందేమోనని అనుమానం వచ్చి మానేశారు. రంగు కావాలంటే పసుపు చల్లుకోండి, గాలం వేసేవాళ్ళు చాలామంది వాడతారు, వాసన కూడా ఇస్తుంది. రంగు వల్ల చేపలు ఎక్కువ పడతాయా అంటే నాకు నమ్మకం లేదు, తాజా పురుగుని మించిన రంగు లేదు.

సరే, ప్రశ్నలు.

ప్రశ్న: సార్, ఫ్రిజ్‌లో ఉంచినా కొన్ని ప్యూపా అయిపోయాయి, పారెయ్యాలా?

అస్సలు పారెయ్యొద్దు తమ్ముడూ. మ్యాగట్ ప్యూపా కూడా మంచి ఎర, కార్ప్ జాతి చేపలకి కొన్నిసార్లు పురుగు కంటే ఇదే ఇష్టం. లేత రంగులో ఉన్నప్పుడు నీళ్ళలో మునుగుతుంది, ముదురు ఎరుపు దాటి నల్లబడే కొద్దీ తేలుతుంది. గ్లాసులో నీళ్ళు పోసి వెయ్యండి, మునిగినవి గాలానికీ, చేపల్ని పోగెయ్యడానికీ వాడండి, తేలినవి పక్కన పెట్టండి, తేలేవి చల్లితే ప్రవాహంలో కొట్టుకుపోయి చేపల్ని కూడా దూరం తీసుకుపోతాయి. ముదరకుండా ఆపాలంటే గాలి తగలకుండా కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒకటి రెండు రోజులే, ఇంకా ఉంచితే పులిసిపోతాయి.

ప్రశ్న: మిగిలినవి గట్టు మీద వదిలేసి రావచ్చా?

వద్దమ్మా. మీరు తవ్విన చోటే వదిలితే సరే, వేరే ఊరి నుంచి తెచ్చినవీ, కొన్నవీ అయితే వదలొద్దు. కొమ్ము పురుగు కొబ్బరిని ఎంత నాశనం చేస్తుందో తెలుసు కదా, అది గువామ్ దీవిలో 2007లో, హవాయిలో 2013లో బయటపడింది, ఇంకా పోరాడుతూనే ఉన్నారు వాళ్ళు. అది ఎర వల్ల వెళ్ళిందని కాదు నేను చెప్పేది, పిల్ల పురుగున్న మట్టి, చెత్త ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలితే ఏమవుతుందో చూడమంటున్నా. కొన్ని చోట్ల బతికున్న ఎర వాడకం మీదే నిబంధనలున్నాయి, వెళ్ళే ముందు కనుక్కోండి. మ్యాగట్లు మిగిలితే కవర్లో పోసి గాలి మొత్తం పిండేసి గట్టిగా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టెయ్యండి. చచ్చిన మ్యాగట్ పనికిరాదనుకోకండి, అడుగున బురద ఉన్న చెరువులో బతికున్నది బురదలోకి దూరిపోతుంది, చచ్చింది పైనే పడుంటుంది, చేపకి కనపడుతుంది. కరిగించాక మాత్రం అదే రోజు వాడెయ్యండి, మళ్ళీ ఫ్రీజ్ చేస్తే నల్లగా ముద్ద అయిపోతాయి.